నిళల్ మారన్ ఇంటికొచ్చిన నెల

మెట్ల మీద మొదట వినబడేవి ఎప్పుడూ గోపాలసామి చెప్పులే. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా, నడుమ ఊపిరి కోసం చిన్న ఆగుడు. ఆ ఆగుడు ఎంతసేపుందో చూసి ఆయన ఏ మనసుతో పైకి వస్తున్నాడో అళగర్‌సామి చెప్పేయగలడు; గుమ్మం దాటకముందే మనిషిని తూకం వేయడం వాళ్ళింట ఉగ్గుపాలతో పోసిన విద్య. ఈ ఆదివారం సాయంత్రం ఆగుడే లేదు. కోపంగా ఉన్న మనిషికి మోకాళ్ళ నొప్పి గుర్తుండదు. సరే రానీ, అనుకున్నాడు అళగర్‌సామి, బ్యాండేజి గుడ్డ చుట్టల మీద వీపు ఆనించి. చుట్టలు చల్లగా ఉన్నాయి, బ్లీచింగు వాసన వేస్తున్నాయి, సత్రపట్టి మగ్గాల నుంచి నిన్ననే వచ్చిన సరుకు. గోడౌను పైన ఈ గదిలో నెలకొకసారి నిళల్ మారన్ అభిమానుల కూటం జరుగుతుంది. నిళల్ అంటే నీడ. ఒక నీడలో దూరి ఇంకో నీడలోంచి బయటికి వచ్చే వీరుడు మారన్. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు, నీడలు కాళ్ళ కిందికి ముడుచుకున్నప్పుడు మాత్రం వాడికి బలం ఉండదు. తమిళంలో వచ్చే బొమ్మల పుస్తకం. శివకాశిలో అచ్చవుతుంది, అళగర్‌సామి బ్యాండేజి అట్టపెట్టెలు అచ్చయ్యే వీధిలోనే. పెట్టెల కోసం వెళ్ళినప్పుడు పుస్తకాల కట్ట కూడా అతనే తెస్తాడు, ఒక బస్సు టికెట్టుకు రెండు పనులు. గోపాలసామి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాడు, మొదటి సంచిక నుంచి ఒక్కటీ విడవకుండా ట్రంకుపెట్టెలో వేపాకు వేసి దాచినవాడు. ఆయన ఎటు ఒరిగితే కూటం సగం అటు ఒరుగుతుంది. మిగతా సగం ఎటు పోతుందో తెలియాలంటే ఈ గంట గడవాలి.

గంటే ఉంది చేతిలో. దీపాలు పెట్టే వేళకు తిరుప్పూరు నుంచి వసుధ ఫోన్ చేస్తుంది. అతని కూతురు, ఎగుమతి కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, ఈ నెల నిళల్ మారన్‌ను రాసింది కూడా ఆమే. అట్ట మీద ఎ.వి. మణి అని ఉంది. ఆ మణి ఎవరో ఈ గదిలోకి వచ్చేవాళ్ళలో ఒక్కరికీ తెలియదు, తెలియకూడదని ఆమె మాట తీసుకుంది. "నేనని చెప్పొద్దు నైనా. చెప్తే మీ కూటంలో అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకుంటే నాకు ఏం తెలుస్తాది?" అంది. పాత రచయితా పాత చిత్రకారుడూ ఇద్దరూ వయసు మీద పడి మానుకున్నాక ఎడిటర్ ఆమెకు ఒక్క పుస్తకం ఇచ్చి చూశాడు. రాజపాళయం వాళ్ళు, అంటే ఈ కూటం, ఒప్పుకుంటే ఏడాదంతా ఇదే దారి, ఒప్పుకోకపోతే వచ్చే నెల నుంచి మళ్ళీ పాత దారి అన్నాడు. "పాత దారిలో రాసేదానికి నేను ఎందుకు నైనా, ఎవురైనా రాస్తారు. రాత్రికి ఆయనకు జవాబు చెప్పాల." వేరే ఊళ్ళ మాటేమిటి అని అడిగాడు అళగర్‌సామి. "సొంత ఊర్లో చెల్లని కాసు పక్క ఊర్లో చెల్తాదా అని నువ్వే కదా అంటావు," అంది. తన మాటను తనకే అమ్మింది. తరువాత గొంతు తగ్గించి, "ఒక్కటి చేసినాను నైనా అందులో. ఏదని చెప్పను. తప్పయితే వాళ్ళే పట్టుకుంటారు. పట్టుకున్నారా లేదా, అంత మట్టుకు చూసి చెప్పు," అంది. శివకాశి నుంచి వచ్చే బస్సులోనే చదివేశాడు అతను, ఒకసారి, ఇంకోసారి. ఆ ఒక్కటి ఏదో దొరకలేదు. ఎలా దొరుకుతుంది, సొంత సరుకుకు సొంత కన్ను వెల కట్టలేదు. అందుకే ఈ రోజు చెవులు తెచ్చుకుని కూర్చున్నాడు.

"అళగరా, చూసినావా ఈ అన్యాయం?" అన్నాడు గోపాలసామి, గుమ్మంలోనే నిలబడి, పుస్తకాన్ని పిల్లిని మెడ పట్టుకున్నట్టు పట్టుకుని. "ముసుగు తీసేసి ఇంటికి పోయినాడప్పా! సూపర్ హీరో ఇంటికి పోయినాక ఇంక ఏముండాది కత? వచ్చే నెల రేషన్ కొట్టుకు పోతాడా?" వెనకే మెట్లెక్కుతున్న కళైసెల్వి నవ్వింది. నర్సింగ్ హోమ్‌లో నర్సు, ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, చిన్నప్పటి నుంచి ఈ వీధే. "పోతే పోనీ మామా, ఈ నెల రేషన్ బియ్యం మంచిగానే ఉండాయి," అంది. ఆయన వినలేదు, వినే మనిషి అయితే ఇన్నేళ్ళు పోస్టాఫీసు కిటికీ వెనక నిలబడగలిగేవాడు కాదు. వాళ్ళ వెనక సెలూన్ ఆండి, చేతిలో తడి తువ్వాలుతో, దుకాణానికి గొళ్ళెం పెట్టి వచ్చినట్టున్నాడు. చివరన రఘురామ రాజా, జిన్నింగ్ మిల్లు వాళ్ళ అబ్బాయి, ఊళ్ళో మంచి కుక్కలు ఎవరింట్లో ఉన్నాయంటే ముందు వాళ్ళిల్లే చూపిస్తారు. రాజా మాట్లాడలేదు. కూర్చుని పుస్తకాన్ని ఒక పేజీ దగ్గర తెరిచి మోకాలి మీద బోర్లించాడు. అది కూడా గమనించాడు అళగర్‌సామి. బేరంలో మాట్లాడనివాడి దగ్గరే పెద్ద రాయి ఉంటుంది.

"ఈ మణి ఎవడో మద్రాసు వాడు," అన్నాడు గోపాలసామి. "ఏసీ గదిలో కూర్చోని రాసినాడు." అవునవును, అనుకున్నాడు అళగర్‌సామి, తిరుప్పూరులో లేడీస్ హాస్టల్ గది, ఫ్యాను కూడా సరిగ్గా తిరగదని వాళ్ళమ్మ ఇందిరాణి దగ్గర ఏడ్చింది ఆ మద్రాసు వాడు. నవ్వు వచ్చింది, మింగాడు. నవ్వును మింగడం కూడా వ్యాపారమే. నాన్న అనేవాడు, కొట్లో కూర్చున్నవాడి పళ్ళు కనబడితే కొనేవాడి చేయి జేబులోంచి వెనక్కి పోతుందని. నాన్న. చుట్టే కాగితాన్ని చదివేవాడు చుట్టాల్సిన గుడ్డను మరచిపోతాడు అని కూడా అనేవాడు, అది మాత్రం కొడుకు కోసమే పుట్టించిన సామెత. ఆ రోజుల్లో బ్యాండేజి చుట్టలకు మీద చుట్టేందుకు శివకాశి నుంచి చెడిపోయిన అచ్చుకాగితాలు తూకానికి తెచ్చేవాళ్ళు: రంగు జరిగిన క్యాలెండర్లు, తలకిందులుగా పడిన టపాకాయల లేబుళ్ళు, వాటి మధ్య ఒకసారి నిళల్ మారన్ పేజీ ఒకటి. మిల్లు పొగగొట్టం నీడ నేల మీద పొడుగ్గా పడుకుని ఉంది, మారన్ అందులోకి మోకాలి దాకా దిగాడు, వెనక నుంచి ఎవడో కత్తి ఎత్తాడు. పేజీ అయిపోయింది. తరువాతి పేజీ ఆ కట్టలో లేదు. పదేళ్ళ పిల్లవాడు తను, గోడౌనంతా తిరగేశాడు, కట్టలు విప్పాడు, దెబ్బలు తిన్నాడు. ఆఖరికి ఆ కట్టలో సగం సత్రపట్టికి పోయిందని తెలిసి గుడ్డ తెచ్చే ఎద్దుబండి వెనక కూర్చుని అక్కడికి పోయాడు. నేతగాళ్ళ ఇంట్లో, నూలు చుట్టల మీద, ఒక కాగితం. మారన్ బొమ్మే కాని వేరే కథలోది, వాడు ఎక్కడో రైలు మీద ఉన్నాడు. ఆ ఇంటి అవ్వ మజ్జిగ ఇచ్చి, "రైలెక్కినాడంటే కత్తి పడలేదనే కదా నాయనా," అంది. అంతకంటే మంచి ముగింపు ఆ తరువాత ఎవరూ అతనికి చెప్పలేదు. కానీ నిజమైన ముగింపు దొరకలేదు. ఇప్పటికీ ఆ మనిషి మోకాలి దాకా పొగగొట్టం నీడలో అలాగే ఉన్నాడు.

లెక్క వేసుకుంటే లోటు ఎక్కడ పడిందో అక్కడే రాబడి మొలిచింది. వసుధ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఈ చుట్టల మీదే పడుకోబెట్టుకుని ఆ కథలు చెప్పేవాడు, చెప్తూ చెప్తూ సగంలో ఆగిపోయేవాడు, ఎందుకంటే తన దగ్గర సగమే ఉంది. "తరువాత?" అనేది. "తరువాత కాగితం దొరకలేదు అమ్మా." ఆ పిల్ల ఊరుకునేది కాదు. కత్తి ఎత్తినవాడికి తుమ్ము వచ్చిందనేది, మారన్ నీడలో వెళ్ళి వాళ్ళమ్మ కొంగు నీడలోంచి లేచాడనేది. పూర్తి పుస్తకాలు కొనిచ్చే తాహతు వచ్చాక కొనిచ్చాడు, చదివింది, కానీ మునుపటి వెలుగు ఆ ముఖంలో రాలేదు. అప్పుడే తెలియవలసింది. పూర్తి సరుకు ఇస్తే కొనుక్కునే మనిషి తయారవుతుంది, సగం సరుకు ఇస్తే చేసే మనిషి తయారవుతుంది. అతను ఆ పేదరికంలో తెలియకుండానే సగం ఇచ్చాడు. అందులో తన తెలివి ఏమీ లేదు. ఆ జమ చెడిపోయిన కాగితాలదే.

"ఇది చూడండి," అన్నాడు రఘురామ రాజా. పుస్తకం తిప్పి అందరి ముఖాల ముందు ఒక్కొక్కరికీ చూపించాడు, పోలీసు ఫోటో చూపించినట్టు. మారన్ కుక్క వెళ్ళై. తెల్లగా, సన్నని నడుముతో, వీధి మూల నిలబడి ఉంది. "ముక్కు. ముక్కు చూడండి. రాజపాళయం కుక్కకు నల్ల ముక్కా? మా ఇంట్లో నడిచేది రాని పిల్ల కూడా చెప్తాది, ముక్కు రోజా రంగులో ఉంటాదని. నల్ల ముక్కు ఉంటే దాన్ని మా తాత ఇంట్లోకే రానిచ్చేవాడు కాదు." ఇది నిజంగా నేరం, గోపాలసామి కూడా ఒక్క క్షణం తన కోపం మరచి ఆ ముక్కు వైపు చూశాడు. ఆండి మెల్లగా అన్నాడు: "అయ్యా, అది నీడల్లో దూరి దూరి వచ్చింది కదా, మసి అంటుకునిందేమో." కళైసెల్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజా నవ్వలేదు. "నువ్వు గడ్డం చేసేటప్పుడు మీసం ఒక పక్క తీసేస్తే మసి అంటుకునిందని చెప్తే ఒప్పుకుంటారా?" అన్నాడు. ఇదేనా ఆ ఒక్కటి, అనుకున్నాడు అళగర్‌సామి. ముక్కు. కాదు, మంసాపురం దగ్గర జామతోటలో కాపలా కుక్క పిల్లలు పెడితే చూడడానికి స్కూలు ఎగ్గొట్టిన పిల్ల అది, ఆ ముక్కు ఎలా ఉంటుందో దానికి తెలియదా. ఇది రంగులు వేసినవాడి తప్పు. కానీ సరుకులో మచ్చ ఎవరు వేసినా సంతలో తిట్లు అమ్మేవాడికే.

గోపాలసామి మళ్ళీ పేజీలు తిప్పాడు. "సరే, ముక్కును విడువు. ముసుగు తీసి వాకిట్లో నిలబడితే వీని అమ్మ ఏమంటాదో విను," అని కళ్ళద్దాలు సర్దుకుని, గొంతు మార్చి పైకి చదివాడు: "'ఊరికంతా కావలి కాసే దానికి నువ్వు ఉండావు, సరే. మన వాకిట్లో బల్బు మార్చే దానికి ఎవురు ఉండారు?'" ఆండి ముందు నవ్వాడు, తరువాత కళైసెల్వి, తరువాత రాజా ముక్కును మరచి. గోపాలసామి మీసం కింద కూడా ఏదో కదిలింది, గబుక్కున పేజీ తిప్పి దాచుకున్నాడు. ఆండి లేచి నడుము మీద చేయి పెట్టి ఆ అమ్మలాగా నిలబడి ఇంకొకసారి అన్నాడు, బల్బు దగ్గర గొంతు సాగదీసి. "నవ్వేది బాగుండాది," అన్నాడు గోపాలసామి, "కానీ ఇది వీరుని కతా, మన ఇంటి కతా? 'నిళల్ ఇరుక్కుం ఇడమెల్లాం నాన్ ఇరుప్పేన్', నీడ ఉండే చోటంతా నేను ఉంటానని అరిచినవాడప్పా వీడు. ఆ మాట అరిస్తే మా పోస్టాఫీసులో సార్టింగు ఆగిపోయేది. ఇప్పుడు స్టూలు వేసుకోని బల్బు మారుస్తా ఉండాడు." అళగర్‌సామి మనసు ఆ నవ్వు దగ్గరే ఆగిపోయింది. నలుగురూ నవ్వారు. నవ్వు బయానా లాంటిది. ఇచ్చాక వెనక్కి తీసుకోవాలంటే మనిషికి సిగ్గేస్తుంది. దాన్ని ఒక పక్కన పెట్టుకున్నాడు. ముసుగు తీయడమా ఆ ఒక్కటి? ఇంటికి రావడమా? పట్టుకున్నారు కదా మరి, గట్టిగానే పట్టుకున్నారు. అలా అయితే రాత్రికి ఏం చెప్పాలి దానికి.

బయట పడమటి కొండల మీద మబ్బు దిగింది. గదిలో వెలుతురు పాలపొంగులా ఒకసారి లేచి తగ్గింది. ఇందిరాణి కింది నుంచి కాఫీ గ్లాసులు పంపింది, పళ్ళెంలో సుండల్, అంటే శనగ గుగ్గిళ్ళు. దాని మీద కొబ్బరి కోరు ఎక్కువగా ఉంది, అంటే ఆమె మనసు బాగుంది. ఆమెకు బొమ్మల పుస్తకాలు పనికిరాని పని. కూతురు ఏదో రాస్తుందని తెలుసు, ఏం రాసిందో చూడలేదు, "రాసేది రాస్తాది, తినేది తింటా ఉండాదా?" అని మాత్రం ఫోనులో అడుగుతుంది. గోపాలసామి సుండల్ నములుతూ చిత్రకారుడి మీదికి పోయాడు. పాత ఆయన పేజీలో సగం నల్ల సిరా ఉండేది, ఈ పిల్లకాయ అంతా తెల్లగా విడిచిపెట్టినాడు, సిరా పిసినారి, నీడలే లేకపోతే మారన్ యాడ దూరుతాడు? "అదే కదా మామా కత," అంది కళైసెల్వి. "బుక్కంతా నడి మధ్యాహ్నమే జరుగుతా ఉండాది. నీడ లేదు, బలం లేదు. అందుకే ఇంటికి వచ్చినాడు. బలం లేనప్పుడు మనిషి ఇంకా యాడికి పోతాడు? మా వార్డుకు రండి, చూపిస్తా. ఎంత పెద్ద రౌడీ అయినా డ్రిప్ ఎక్కించినాక అమ్మా అనే అంటాడు." అలా అని ఆ పేజీ తీసింది. శత్రువు మధ్యాహ్నం వేళ వాకిట్లోకి వచ్చాడు, మారన్ ఒట్టి మనిషిగా నిలబడ్డాడు, చేతిలో మాడిన బల్బు. అప్పుడు ఆ అమ్మ మేడ మీద ఆరేసిన తెల్లగుడ్డ కొసలు పట్టి లాగి కొడుకు తల మీదుగా పందిరిలా పరిచింది. నేల మీద జానెడు నీడ పడింది. జానెడు చాలు. తరువాతి పేజీ నిండా ఆ గుడ్డ ఒక్కటే, గాలికి ఉబ్బి, సన్నని నేత గీతలు కూడా కనబడేలా. అది చూసి బస్సులో అళగర్‌సామి కళ్ళు తుడుచుకున్నాడు, పక్క సీటు మనిషికి దుమ్ము అని చెప్పాడు. ఆ గుడ్డ తెలుసు అతనికి. వేళ్ళ మధ్య పెట్టి కళ్ళు మూసుకుని చెప్పగలడు ఆ నేత ఏ ఊరిదో.

"అన్నా," అన్నాడు ఆండి, బొమ్మను దగ్గరగా చూస్తూ, "ఇది మీ గుడ్డే కదా? శివకాశిలో వాళ్ళకు డబ్బిచ్చి మీ సరుకుకు విళంబరం వేయించుకున్నారా?" "నా గుడ్డ అయితే ఇంకా మందంగా ఉంటాదిరా," అన్నాడు అళగర్‌సామి, "ఇంత పలచన గుడ్డను నేను ఆస్పత్రికి పంపితే కళైసెల్వి తిరగగొట్టదా?" అందరూ నవ్వారు. గడిచింది ఆ గండం. కానీ గోపాలసామి నవ్వులో చేరలేదు. గ్లాసు కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఏదో తీర్మానించుకున్న మనిషిలా నిలువుగా కూర్చున్నాడు. "అళగరా, నీ దగ్గర ఎడిటర్ నంబరు ఉండాది కదా. స్పీకర్లో పెట్టు. ఈ మణిని తీసేయమని కూటం తరఫున చెప్పేస్తాం. మన మాట అంటే ఆ మనిషికి భయం. ఇప్పుడే చెప్తే వచ్చే నెలకు సరిచేసుకుంటాడు."

ఫోను జేబులో రాయిలా బరువెక్కింది. విచిత్రం ఏమంటే ఈ మూడు రోజులూ అళగర్‌సామి తక్కెడకు రెండు వైపులా తనే కూర్చున్నాడు. పుస్తకం నిలబడితే ఒక లాభం, నిలబడకపోతే ఇంకొక లాభం అనుకున్నాడు: నిలబడకపోతే పిల్ల ఆఫీసు ఉద్యోగం విడవదు, నెలకు నెల జీతం వస్తుంది, సంబంధం వాళ్ళకు చెప్పడానికి ఒక పేరున్న కంపెనీ ఉంటుంది. ఎటు ఒరిగినా నష్టం లేని బేరం, అలాంటి బేరం దొరికితే వ్యాపారి కళ్ళు మూసుకుని కూర్చోవచ్చు. కానీ ఇప్పుడు గోపాలసామి 'తీసేయమని' అన్న మాట చెవిలో పడేసరికి ఆ తక్కెడలో ఒక పళ్ళెం అమాంతం నేలకు దిగింది, ఎటు దిగిందో చూసి తానే తెల్లబోయాడు. వయసులో పెద్దవాడు కాకపోతే ఆ మనిషి చేతిలోంచి సుండల్ లాక్కునేవాడు. నిలబడాలి. ఆ పిల్ల పుస్తకం నిలబడాలి. సంబంధం వాళ్ళు గింబంధం వాళ్ళు తరువాత. అప్పుడు చూశాడు గోపాలసామి పుస్తకాన్ని. కోపంతో కాదు, సరుకును చూసినట్టు. మూలలు మెత్తబడ్డాయి. మధ్య పేజీల దగ్గర అంచు కొంచెం మాసింది, బొటనవేలు పడేచోట. పంచింది మొన్న సాయంత్రం, ఒక్కసారి చదివిన పుస్తకం అంచు అలా ఉండదు. కొనని మనిషి సరుకును చూసి బాగుంది అని వెళ్ళిపోతాడు. తప్పులు వెతికేవాడు ఇంటికి తీసుకుపోవాలని నిర్ణయించుకున్నవాడు, ధర దగ్గర మాత్రం కాసేపు తగువు. ఆశ పెరిగింది. కానీ ఆశ మీద సంతకం చేయడం పిచ్చితనం. అయినా చేశాడు.

"చేస్తాను మామా," అన్నాడు, ఫోను బయటికి తీసి చుట్ట మీద పెట్టి. "కానీ వరుస తప్పి చేయగూడదు. ముందు బుక్కులు చూద్దాం. సగం మంది విడిచిపెట్టినా సరే, నేనే చెప్తా ఎడిటర్‌కు." అది కూటం పుట్టినప్పటి నుంచి ఉన్న ఆనవాయితీ. నచ్చినవాడు పుస్తకం ఇంటికి తీసుకుపోతాడు; నచ్చనివాడు గుడ్డ చుట్టల మీద విడిచిపెట్టి పోతాడు, ఆండి దాన్ని సెలూన్‌లో బల్ల మీద వేస్తాడు, వచ్చేపోయేవాళ్ళు గడ్డం నురగతో తిరగేస్తారు. సెలూన్ బుక్కు అన్నది ఈ కూటంలో పెద్ద తిట్టు. గోపాలసామి ఆనవాయితీకి అడ్డం చెప్పే మనిషి కాదు. "సరి," అన్నాడు. అన్నాడు కానీ లేవలేదు.

వాన అప్పుడే రేకుల మీద పడింది, ముందు ఒకటి రెండు, తరువాత గుప్పెళ్ళతో. కళైసెల్వికి రాత్రి డ్యూటీ, ముందు ఆమె లేచింది, పుస్తకాన్ని టిఫిన్ డబ్బా సంచిలో డబ్బా కింద పెట్టుకుంది, తడవకుండా. రఘురామ రాజా లేచి తన పుస్తకాన్ని చుట్ట మీద పెట్టాడు, సున్నితంగా, శవం మీద పువ్వు పెట్టినట్టు. "కత మంచిదే," అన్నాడు, "ముక్కు మట్టుకు నా చేత కాదు." ఒకటి. అళగర్‌సామి లెక్క పెట్టుకున్నాడు. తన పుస్తకాన్ని అప్పటికే నడుములో దోపుకున్న ఆండి సంతోషంగా దాన్ని అందుకున్నాడు. "అయ్యా, నేను స్కెచ్ పెన్నుతో రోజా రంగు వేసి పెట్టుకుంటా, నా కస్టమర్లకు ఏం తెలుస్తాది." రాజా మెట్ల దాకా పోయినవాడు ఆగాడు. "నువ్వు వేస్తావా? లిప్‌స్టిక్ వేసినట్టు వేస్తావు. ఇటు తే, నేను వేస్తా," అని లాక్కుని చొక్కా లోపల దోపుకున్నాడు. "కావలిస్తే వేసినాక తెచ్చి ఇస్తా." తేడు, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. మిగిలింది గోపాలసామి. ఆయన చాలాసేపు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. చివరికి కాఫీ పొడి వచ్చిన ప్లాస్టిక్ కవరు ఒకటి అడిగి, దాని లోపల పుస్తకాన్ని పెట్టి, రెండు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. "నాకేమీ నచ్చలేదు," అన్నాడు. "ట్రంకులో వరుస తెగిపోగూడదని తీసుకుపోతా ఉండాను, అంతే. ఆ మణికి మట్టుకు ఎవురైనా చెప్పండి, ఆ ముసలిదాన్ని చంపేయొద్దని. వీళ్ళు కొత్తవాళ్ళు, ఏడిపించే దానికి అమ్మను చంపేస్తారు." మెట్లు దిగుతుంటే ఆయన చెప్పుల మధ్య ఆగుడు మళ్ళీ వచ్చింది. ఆండి వెనక దిగుతూ గొణిగాడు, ఈ నెల నా సెలూన్‌కు ఒక్కటి కూడా లేదే, ఇదేం మీటింగప్పా అని.

ఫోను మోగేసరికి గదిలో ఇంకా లైటు వేయలేదు. అళగర్‌సామి మంచి వ్యాపారిలా తప్పులు ముందు చెప్పాడు. ముక్కు. "ఆ ముక్కు చూసి నేనే ఏడ్చినా నైనా. రంగులు వేసేవాడు మద్రాసులో ఉండాడు, మన కుక్కను వాడు ఎప్పుడు చూసినాడు." ముసుగు. నల్ల సిరా. బల్బు. అన్నీ చెప్పి, అయినా నలుగురూ ఇంటికి తీసుకుపోయారని చెప్పాడు, మామ కవరులో పెట్టి తీసుకుపోయాడని. ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. అయినా ఇంకా ఏదో కోసం చూస్తున్నట్టు, "అంతేనా?" అంది.

"అంతే."

"ఆ అమ్మ మాటలు?"

"నవ్వినారు. మామ పైకే చదివినాడు, ఆండి ఆడి చూపించినాడు. ఆమెను చంపొద్దని చెప్పమన్నాడు మామ."

"నైనా, మామ ఏ భాషలో చదివినాడు?"

"బుక్కులో ఉండేదే చదివినాడు. ఇదేం ప్రశ్న?"

"బుక్కు తియ్యి నైనా. చూడు."

లైటు వేసి తీశాడు. అక్షరాలు తమిళమే. మారన్ శత్రువుతో అనే మాట తమిళం, శత్రువు అనేది తమిళం, పైన పెట్టెలో కథ చెప్పే వాక్యం తమిళం. ఆ అమ్మ నోటి నుంచి లేచిన బుడగల దగ్గరికి వచ్చాడు. అక్షరాలు అవే. చదివాడు. వేలు పెట్టి మళ్ళీ చదివాడు. ఎవురు ఉండారు. తెలుగు. తమిళ అక్షరాల్లో వాళ్ళింటి తెలుగు, అన్నం దగ్గర, స్నానాల గది తలుపు దగ్గర, జ్వరం వచ్చిన పిల్ల మంచం దగ్గర మాట్లాడేది. పెళ్ళి పత్రికలు తమిళంలో వేసుకున్నారు, నాన్న పోతే వార్త తమిళంలో వేశారు, ఇంట్లో ఎవరికీ తెలుగు రాత రాదు. నోటికీ చెవికీ మధ్య ఉన్న ఆ జానెడు చోట తప్ప ఆ మాట ఎక్కడా ఆగి నిలబడింది లేదు. అది అచ్చులో ఉంది, రంగుల్లో, మారన్ పక్కన. బస్సులో రెండుసార్లు చదివిన తనకు కనబడలేదు. రాజాకు కనబడలేదు. ఇంట్లో అరవం మాట్లాడే కళైసెల్వికీ కనబడలేదు. ఉత్తరం మీద పిన్‌కోడు ఒక్క అంకె తప్పితే పట్టుకునే గోపాలసామి దాన్ని గొంతు మార్చి పైకి చదివాడు, ఆయనకూ కనబడలేదు.

"ఎడిటర్ కూడా తల గోక్కున్నాడు నైనా," అంటోంది వసుధ. "మిగతా ఊర్ల వాళ్ళు బొమ్మ చూసి తెలుసుకుంటారు, మీ ఊరివాళ్ళే తిడతారేమో చూసుకో అన్నాడు. ఇంట్లో మాటను వీధిలో పెట్టింది అంటారని భయపడతా ఉండినాను. వాళ్ళు చూడనే లేదా? ఒక్కరు కూడా?" ఆ గొంతులో సంతోషం కంటే లోటే ఎక్కువగా వినబడింది, కష్టపడి తెచ్చిన సరుకును ఎవరూ ధర కూడా అడగలేదన్నట్టు. అళగర్‌సామి లెక్క వేసుకున్నాడు, ఈసారి నిదానంగా.

"వసూ, కట్టు కట్టించుకున్నవాడు గుడ్డ గురించి ఎప్పుడు అడుగుతాడు? ఒరుసుకుంటే అడుగుతాడు. ఇదేం గుడ్డ, యాడిది అంటాడు. ఒరుసుకోని గుడ్డను ఒక్కడైనా అడిగినాడా ఇంతవరకు? నువ్వు పెట్టింది ఒక్కరికీ ఒరుసుకోలేదు. ఎడిటర్‌కు చెప్పు, ఆ అమ్మ ఉంటాదని, అట్లే మాట్లాడతాదని."

"అయితే ఇక్కడ ఆఫీసు పని విడిచిపెట్టేదా?"

"ఇప్పుడే విడవొద్దు. కొన్నాళ్ళు రెండు కొట్లూ నడుపు. ఏది మూయాల్నో గల్లా పెట్టెనే చెప్తాది."

ఆమె నవ్వింది. చిన్నప్పుడు కాగితం దొరకని చోట ముగింపు తానే చెప్పేసి నవ్విన నవ్వు. ఫోను పెట్టాక అళగర్‌సామి కిందికి దిగలేదు. వాన రేకుల మీద సమంగా పడుతోంది, చుట్టల నుంచి బ్లీచింగు వాసన తడి గాలితో కలిసి కొత్తగా ఉంది, కడుపు నిండా తిన్న తరువాత మనిషికి ఉండే నిమ్మళం ఒళ్ళంతా పాకింది. పుస్తకాన్ని లైటు కిందికి తెచ్చుకున్నాడు. వెనక పేజీల్లో ఆ అమ్మ మాట ఇంకొకటి ఉంది, శత్రువు పోయాక మారన్ బురద కాళ్ళతో వాకిట్లోంచి లోపలికి వచ్చే బొమ్మ దగ్గర. మెల్లగా చదువుకున్నాడు. తరువాత, ఎవరూ లేరు కదా, అచ్చులో ఉన్నది నోట్లోకి వస్తే ఎలా ఉంటుందో చూద్దామని, గోపాలసామి లాగా గొంతు ఎత్తి చదివాడు:

"కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రావద్దని ఎన్ని తూర్లు చెప్పేది నీకు?"

కింద వంటింటి వైపు తలుపు చప్పుడైంది, బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది, ఇందిరాణి గొంతు వానను దాటుకుని పైకి వచ్చింది.

"కడుక్కునే వచ్చినాను! మేడ మీద కూర్చోని నా కాళ్ళు ఎట్ల కనిపించినాయి మీకు?"